నిమ్మతోట వాలులో మట్టి కొట్టుకుపోతోంది: గడ్డి ఉంచాలా, తీసేయాలా?

రాపూరు_నిమ్మ: వెలికొండల కింద మూడెకరాల తోట మాది. ఎర్రనేల, తూర్పుకు బాగా వాలు. రెండేళ్లుగా కలుపు మందు కొట్టి గడ్డిపరక లేకుండా ఉంచుతున్నా. చూసినోళ్లంతా తోట అద్దంలా ఉందన్నారు. మొన్నటి వానకు వరసల మధ్య జానెడు లోతు కాలవలు పడ్డాయి, పీచువేర్లు బయటపడ్డాయి. గట్లు వేయించాలా?

మెట్టసేద్యం: గట్ల సంగతి తర్వాత అన్నా. వాన వెలిశాక కూర్చుని గులకరాళ్లను చూడండి. ఒక్కో రాయి చిన్న మట్టిపీట మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. చుట్టూ మట్టిని చినుకులు చిమ్మేశాయి, రాయి అడ్డమున్న చోటే మిగిలింది. చెట్ల కింది ఆకుల మీద ఎర్రమరకలు కూడా అవే. అలా చిమ్మిన మెత్తటి మట్టి నేల కంతలు మూసేసి చెక్కు కడుతుంది. ఇక నీళ్లు ఇంకవు, పారడమే. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం పోయినా నాలుగు ఘనపు మీటర్లు, అంటే అయిదు టన్నుల మట్టి.

ఉదయగిరి_కుర్రోడు: మరి మా పక్క జామాయిల్ తోట అంత దట్టంగా ఉన్నా కింద వాగు ఎర్రగానే పారుతుందే?

మెట్టసేద్యం: దాని కింద గడ్డి ఉందా? రాలిన ఆకు కూడా పొయ్యిలోకి ఊడ్చుకుపోతారు. ఎత్తు కొమ్మల్లో చినుకులు కలిసి పెద్ద బొట్లయి, ఏడెనిమిది మీటర్ల పైనుంచి పడితే మళ్లీ అంత దెబ్బా కొడతాయి. నేలను ఆనుకుని ఉన్నదే కాపాడేది.

పొదలకూరు_తోట: నేను సెప్టెంబరులో, ఈశాన్య వానలకు ముందే, వరసల మధ్య పిల్లిపెసర చల్లా, నేలను కప్పే పచ్చిరొట్ట పైరు అది. పాదుల్లో మాత్రం శుభ్రం. పోల్చి చూద్దామని ఒక వరస బోడిగా వదిలేశా. జోరు వానలో గొడుగేసుకెళ్లి రెండు చోట్లా దిగువన బకెట్లు పెట్టా. బోడి వరస నీళ్లు అచ్చం టీ, తేరుకున్నాక అడుగున రెండు వేళ్ల మందం మట్టి. రెండోది కాస్త మురికి, అంతే. ముందు ఏడాది మాత్రం విత్తనం ఆలస్యంగా చల్లి తిట్లు తిన్నా. మొలక నిలదొక్కుకోకముందే వాన ఊడ్చేసింది. ఎండలు ముదరకముందే కోసి అక్కడే పరచండి, లేకుంటే చెట్టుతో నీళ్లకు పోటీ పడుతుంది.

చెరువుకింద_మడి: అందరూ పైన చుక్క దిగకుండా ఆపుకుంటే మా చెరువు నిండేదెట్టా సామీ?

మెట్టసేద్యం: న్యాయమైన మాటే. చిన్న వానలకు నీళ్లు తగ్గుతాయి, కాదనను. నేల నానిపోయిన తుఫాను వానకు మాత్రం గడ్డి ఉన్నా నీళ్లు దిగుతాయి, మట్టి అంత రాదు. ఇప్పుడు మీ చెరువులో చేరే పూడిక ఈ వాలుల్లోదే కదా.

పొదలకూరు_తోట: కాలవ పడ్డ చోట వాలుకు అడ్డంగా వట్టివేరు ఒత్తుగా నాటండి. వేరు నిలువునా దిగుతుంది, చేనంతా పాకదు. ట్రాక్టరునూ అడ్డంగానే తోలమనండి. మొదటి ఏడు గొర్రెల్ని రానివ్వొద్దు, లేత పిలకలు దక్కవు.

రాపూరు_నిమ్మ: రాళ్లు చూశా, నిజంగానే పీటలెక్కి ఉన్నాయి. పిల్లిపెసర విత్తనాలు తెస్తా. ఇక మా నాయన్ని ఒప్పించాలి. తోటలో గడ్డి కనిపిస్తే ఊళ్లో సోమరిపోతంటారని ఆయన టెన్షన్.