ఫోన్లలో ఘటనల క్రమం: లెక్క ఫోన్ పెట్టుకోవాలా, స్టేషన్ పెట్టాలా?

మొదటి పోస్టు:
నెట్ లేకపోయినా పనిచేసే నోట్స్ యాప్ కడుతున్నాం. ఏ మార్పు ముందుదో తేల్చడానికి వెక్టర్ క్లాక్ (ఒక్కో ఫోన్‌కు ఒక్కో అంకె చొప్పున, ఎవరి మార్పులు ఎన్ని చూశామో చెప్పే అంకెల జాబితా) వాడదామని నేను, వద్దని మా టీమ్. 10,000 ఫోన్లుంటే, ఒక్కో అంకెకు 4 బైట్ల చొప్పున ప్రతి మెసేజ్ వెంట 40 కేబీ తోక. మీరేమంటారు?

జవాబు 1:
మీ టీమ్‌దే సరైన మాట. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త లాంపోర్ట్ చెప్పినట్టు ఫోన్‌కు ఒక్క అంకె చాలు. ఏదైనా జరిగితే 1 కలపండి. మెసేజ్ అందితే, దాని అంకె, మీ అంకె రెంటిలో పెద్దదానికి 1 కలపండి. అంతే.

జవాబు 2:
నోట్స్‌కు అది సరిపోదండీ. మొదటి మార్పును చూసి రెండోది చేస్తే అంకె పెరుగుతుంది, నిజమే. కానీ అంకె పెద్దదైనంత మాత్రాన మొదటిదాన్ని చూసి రాసినట్టు కాదు. ఒకే వాక్యాన్ని ఫోన్‌లో ఒకలా, ట్యాబ్‌లో ఇంకోలా ఆఫ్‌లైన్‌లో దిద్దారు. ఒకదానికి 7, ఇంకోదానికి 9 పడింది. 9 నిలిచి 7 చెరిగిపోతుంది. చెరిగిందని కూడా ఎవరికీ తెలియదు! ఫిడ్జ్, మాటర్న్ అనే పరిశోధకులు 1988లో ఎవరికి వారు చెప్పిన వెక్టర్ క్లాక్‌లో ఈ రెండూ ఒకదానికొకటి తెలియకుండా జరిగాయని పట్టుబడుతుంది.

జవాబు 3:
అయితే వెక్టర్‌ను బేస్ స్టేషన్లలో (ఫోన్లకు సిగ్నల్ ఇచ్చే టవర్లలో) పెట్టండి. స్టేషన్లు 20 ఉంటే 20 అంకెలే. ఫోన్ వేరే సెల్‌లోకి, అంటే ఇంకో స్టేషన్ పరిధిలోకి, వెళ్తే పాత స్టేషన్ దాని లెక్కను కొత్తదానికి అప్పజెప్పుతుంది. బ్యాటరీ కూడా మిగులుతుంది.

జవాబు 2:
మెసేజ్‌లు వరుసగా అందించడానికైతే మంచి పద్ధతే. అయితే ఒకే సెల్‌లో ఉన్న, సంబంధంలేని రెండు ఫోన్ల మెసేజ్‌లకు కూడా లేని వరుస అంటుకుంటుంది. ఒకదానికోసం ఇంకోటి ఊరికే ఆగుతుంది. అసలు చిక్కు వేరే. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లో జరిగినదాన్ని స్టేషన్ చూడనే లేదు, చూడనిదానికి వరుస ఎలా కడుతుంది? ఆ లెక్క ఫోనే పెట్టుకోవాలి.

40 కేబీ భయం కూడా అక్కర్లేదు. ఎవరు ఎవరికైనా మెసేజ్ పంపే వ్యవస్థలో, ఎన్ని ప్రాసెస్‌లుంటే (ఇక్కడ ఎన్ని ఫోన్లుంటే) అన్ని అంకెలు కావలసిరావచ్చని షారోన్-బోస్ట్ అనే పరిశోధకురాలు 1991లో నిరూపించిన మాట నిజమే. కానీ మీకు అన్ని ఫోన్లకూ కలిపి ఒకే వెక్టర్ అక్కర్లేదు, కావలసింది ఒక్కో నోట్‌కు ఒక్కో వెక్టర్. అందులో ఆ నోట్‌ను దిద్దిన పరికరాలే ఉంటాయి: రెండో, మూడో.

మొదటి పోస్టు పెట్టినవారు:
ఇది నచ్చింది. మరి ఫోన్ రీసెట్ చేస్తే?

జవాబు 2:
కొత్త ఐడీ ఇవ్వండి. పాత ఐడీతోనే లెక్క సున్నా నుంచి మొదలైతే, కొత్త మార్పుల్ని మిగతా పరికరాలు ఎప్పుడో చూసేసినవనుకుని పక్కన పెట్టేస్తాయి.