డిమెన్షియా పెద్దలకు చందాలు: డబ్బు ఇద్దామా, సామాను ఇద్దామా?

కడప కాలనీ సంఘం:
మా కాలనీలో డిమెన్షియా (మతిమరుపు ముదిరే జబ్బు) ఉన్న పెద్దోళ్లు ఐదుగురు. సెప్టెంబర్ 21 అల్జీమర్స్ దినం కదా, ఆ రోజు చందాలు మొదలుపెడదామనుకుంటున్నాం. దేనికి ఖర్చు పెడితే ఇంట్లోవాళ్లకు ఆసరా? లెక్కలు యాడ చెడతాయి?

లెక్కలసామి:
సొంత ఫోన్‌పే క్యూఆర్ పెట్టొద్దన్నా. ఎంత నికార్సైన మనిషైనా, చందాలూ ఇంటి కరెంటు బిల్లూ ఒకే ఖాతాలో కనబడితే గుసగుసలు తప్పవు. సంఘం పేరుమీద ఖాతా, ఇద్దరి సంతకాలు. సంఘం రిజిస్టర్ కాకుంటే 2001 నాటి ఏపీ సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో చేయించొచ్చు. 80జి (చందా ఇచ్చినోళ్లకు పన్ను తగ్గేలా ఆదాయపన్ను శాఖ సంఘానికిచ్చే గుర్తింపు) లేకుండా కరపత్రంలో 'పన్ను మినహాయింపు' అని వేయించొద్దు. 80జి ఉన్నా 2,000 దాటిన నగదుకు అది వర్తించదు. హుండీ తెరిస్తే ముగ్గురుండాలి. ఏ నోట్లెన్నో రాసిన కాగితం మీద ముగ్గురి సంతకాలూ అక్కడికక్కడే.

పక్కమంచం:
డబ్బు వద్దు, సామానే. డైపర్లు రోజుకు మూడనుకున్నా నెలకు 90. టేపుతో నడుము కొలిచే కొనండి. వదులైతే తొడల దగ్గర కారి పక్కంతా తడుస్తుంది, బిగుతైతే ఒరుసుకుని పుండ్లు. గాలిపరుపు, వీల్‌చైర్ సంఘం సొత్తుగా ఉంచి, ఒక ఇంట్లో పని తీరాక ఇంకో ఇంటికివ్వండి. గాలిపరుపు ఉంది కదా అని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మానితే ఒంటికి పుండ్లు పడతాయి, అంతే సంగతులు.

ఎవరూ చందా అడగనిది ఇంకోటుంది: చూసుకునే కోడలికో కూతురికో వారానికో పూట తెరిపి. దానికి మనిషిని పెట్టండి. కొత్త మొహం చూస్తే పెద్దోళ్లు బెదురుతారు, అందుకే మొదట్లో ఇంటివాళ్లు పక్కనే ఉండాలి.

తప్పిపోయేవాళ్లకు మెడలో బిళ్ల నిలవదు, పీకేస్తారు. చొక్కా కాలర్ లోపలా, రవికె వీపు లోపలా ఫోన్ నంబర్ రాసిన గుడ్డముక్క కుట్టండి. ఉతికితే చెరగని మార్కర్‌తో రాయాలి.

మాత్రలడబ్బా:
మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. విటమిన్ బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు రావచ్చు. ఆ పరీక్షలు కాకుంటే మొదటి ఖర్చు వాటికే. పెద్దల సాయానికి 14567 నంబర్ కరపత్రంలో వేయండి. పెద్దోళ్ల ఫోటోలు మాత్రం వద్దు. సరే అని చెప్పే స్థితిలో వాళ్లు లేరు.

కడప కాలనీ సంఘం:
పేరు బయటికి రాకూడదని రెండిళ్లవాళ్లు అంటున్నారు. లెక్కలో ఏం రాయాలి?

లెక్కలసామి:
గ్రూపులో పెట్టే లెక్కలో 'ఇల్లు 1', 'ఇల్లు 2' అని రాయండి. పేర్లున్న పుస్తకం కోశాధికారి బీరువాలో. మెడికల్ షాపు బిల్లు ఫోటో పెట్టేముందు పైన రోగి పేరు కొట్టేయండి, అదే అందరూ మరిచిపోతారు.