స్కాన్ ముందు ఒక సందేహం: జడ్జీలు మారితే ఇంత తేడా వస్తుందా?

తెనాలి అమ్మాయి, డల్లాస్

అందరికీ నమస్కారం. నాకిప్పుడు పదిహేడో వారం. మన దగ్గర టిఫా అంటామే, ఆ స్కాన్ ఇరవయ్యో వారానికి ఇచ్చారు. మొదటిసారి హైదరాబాద్‌లో నాలుగో నెలలో పోయింది, అందుకే టెన్షన్. "బిడ్డకి పెద్ద లోపం కనిపిస్తే ఏం చేస్తారు?" అని డాక్టరమ్మని అడిగాను. "అబార్షన్ విషయంలో ఇక్కడ నేను చేయగలిగింది ఉండదు, వేరే రాష్ట్రం వెళ్లాలి" అని కంప్యూటర్ వైపు తిరిగిపోయింది. అమ్మేమో ఫోన్లో "అమెరికాలో కుదరకపోవడమేంటే!" అంటోంది. మా ఆయన "ట్రంప్ పెట్టిన జడ్జీల వల్ల" అంటారు. జడ్జీలని పెడితే ఇంత పని అవుతుందా? పార్టీల గొడవ వద్దు, అర్థమయ్యేలా చెప్పండి.

ప్లేనో పిన్ని

అమ్మాయ్, ముందు కాస్త మజ్జిగ తాగు. చాలామందికి స్కాన్ బాగానే వస్తుంది.

ఈ కథ మొదలైంది మీ ఊళ్లోనే. "రో వర్సెస్ వేడ్"లో వేడ్ అంటే అప్పటి డల్లాస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ. 1973లో సుప్రీంకోర్టు 7-2తో అబార్షన్ హక్కు ఉందంది. ఆ తీర్పు రాసిన బ్లాక్‌మన్‌ని పెట్టింది రిపబ్లికన్ నిక్సన్. కాదన్న ఇద్దరిలో వైట్‌ని పెట్టింది డెమోక్రాట్ కెనడీ. చూశావా, అప్పట్లో ఎవరు పెట్టిన జడ్జి ఎటు మొగ్గుతాడో చెప్పలేకపోయేవారు. 1992లో కూడా ఆ హక్కు బతికి బట్టకట్టింది రిపబ్లికన్లు పెట్టిన జడ్జీల వల్లే. దాంతో ఆ పార్టీవాళ్లకి ఒళ్లు మండింది. ఇక పేరు బయటపెట్టే ముందే మనిషిని జల్లెడ పట్టడం మొదలెట్టారు. 2016లో ట్రంప్ అయితే ఎన్నికలకి ముందే జడ్జీల జాబితా చేతిలో పెట్టేశాడు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి స్కాలియా చనిపోయాడు. ఇక్కడ ప్రెసిడెంట్ పేరు పంపితే సెనేట్ ఓటేసి ఒప్పుకోవాలి. ఒబామా గార్లండ్ పేరు పంపితే రిపబ్లికన్ల చేతిలో ఉన్న సెనేట్ కనీసం విచారణకైనా పిలవలేదు. ఆ కుర్చీ 2017లో ట్రంప్ పంపిన గోర్సచ్‌కి దక్కింది. 2018లో కెనడీ అనే జడ్జి (ఆ ప్రెసిడెంట్ కాదు) రిటైరైతే కావనా 50-48తో వచ్చాడు. 2020 సెప్టెంబర్‌లో జడ్జి గిన్స్‌బర్గ్ పోయింది. ఎన్నికలకి ఎనిమిది రోజుల ముందు బారెట్‌ని 52-48తో కూర్చోబెట్టారు. నాలుగేళ్ల కింద "ఎన్నికల ఏడాది, ఆగండి" అన్నది ఈ రిపబ్లికన్లే! 2022 జూన్ 24న డాబ్స్ కేసులో రో తీర్పుని కొట్టేశారు. ఆ పని చేసిన అయిదుగురిలో ఈ ముగ్గురూ ఉన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. 2015లో సిటిజన్ అయ్యాను, 2016లో ఓటెయ్యలేదు. చిన్నాడికి జ్వరం, బయట లైను. "టెక్సాస్‌లో నీ ఒక్క ఓటుతో ఏం మారుతుంది" అని మీ బాబాయి ఇప్పటికీ అంటారు. నిజమే కావచ్చు. కానీ తొమ్మిది నెలలుగా అక్కడో కుర్చీ ఖాళీగా ఉందన్న సంగతే నాకు పట్టలేదు.

జాన్, ఇర్వింగ్

పిన్నిగారూ, నేను చర్చికి వెళ్లేవాణ్ణి, కడుపులో ఉన్నదీ ప్రాణమే అని నమ్ముతాను. కోర్టు నిషేధించలేదండీ, రాష్ట్రాలకి వదిలేసింది. 2022 ఆగస్టులో కాన్సాస్ జనం ఓటేసి హక్కుని ఉంచుకున్నారు కదా. తొమ్మిదిమంది జడ్జీలు తేల్చడం కంటే అది నయం కాదా?

ప్లేనో పిన్ని

కాన్సాస్‌లో జనాన్ని అడిగారు బాబూ, ఇక్కడ ఎవరడిగారు? సంతకాలు పోగుచేసి ఓటింగ్‌కి పెట్టే దారే టెక్సాస్‌లో లేదు. 2021లోనే అబార్షన్‌ని నిషేధించే చట్టం రాసి పెట్టుకున్నారు, రో పోయాక 2022 ఆగస్టు 25 నుంచి అమలు. చేసిన డాక్టర్‌కి యావజ్జీవం దాకా పడొచ్చు, లక్ష డాలర్లకి తగ్గని జరిమానా. ఆ డాక్టరమ్మ కంప్యూటర్ వైపు ఎందుకు తిరిగిందంటావు?

బెజవాడ నర్సు

చెల్లీ, మీ అమ్మగారు చెప్పింది నిజమే. ఇక్కడ అబార్షన్‌కి 1971 నుంచి పార్లమెంటు చేసిన చట్టం ఉంది. 2021లో కొందరికి 24 వారాల దాకా పెంచారు. బిడ్డకి తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు ఒప్పుకున్నాక వారాల లెక్క లేదు. అలాగని ఇక్కడంతా సుఖమనుకోకు. పద్దెనిమిది నిండినామెకి భర్త సంతకం అక్కర్లేదని చట్టంలో ఉన్నా, నేను పనిచేసిన చోట అది లేకుండా ఫైలు కదలదు.

ప్లేనో పిన్ని

అమ్మాయ్, ఒక్క పని చెయ్యి. స్కాన్ పద్దెనిమిదో వారానికి జరపమని అడుగు, చేతిలో రెండు వారాలు మిగులుతాయి. అవసరం పడితే న్యూ మెక్సికోలో చట్టబద్ధమే. టెక్సాస్ చట్టం శిక్షించేది డాక్టర్‌ని, తల్లిని కాదు.

తెనాలి అమ్మాయి

ఫోన్ చేశాను పిన్నీ, వచ్చే గురువారం ఇచ్చారు. అమ్మకి జడ్జీల పేర్లు చెబితే ఒక్కటీ నోరు తిరగలేదు, "నీకు జ్వరమొచ్చినా ఓటు మానకు" అంది. నాకిక్కడ ఓటే లేదు! మీ చిన్నాడికి ఇప్పుడెన్నేళ్లు?

ప్లేనో పిన్ని

పద్నాలుగు. నాకంటే ఎత్తు. గురువారం సాయంత్రం ఇక్కడ రాయి, చూస్తుంటాను.