అప్‌డేట్: 'రన్' గొడవ ఒక కొలిక్కి వచ్చింది

పోయిన వారం అడిగాను కదా, ఏడో తరగతి చదివే మా పాప "రన్ అంటే పరుగెత్తడమైతే షాపు రన్ చేయడమేంటి, ముక్కు రన్ అవడమేంటి?" అని నిలదీస్తే నా దగ్గర జవాబు లేదని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఒకరు చెప్పినట్టే ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంగతి చూశాను. 1989 ముద్రణలో 'సెట్' అనే క్రియకు 430 అర్థాలు. తర్వాతి సవరణలో 'రన్' క్రియకు ఏకంగా 645! నీళ్లు, రోడ్డు, మోటారు, కంప్యూటర్ ప్రోగ్రామ్... కదిలేది, సాగేది ఏదైనా అందులోకే. నాకు బాగా నచ్చింది మాత్రం ఎన్నికల ముచ్చట: అమెరికా అభ్యర్థి 'రన్' అవుతాడు, బ్రిటన్ అభ్యర్థి 'స్టాండ్' అవుతాడు. మనవాళ్లూ నిలబడేవాళ్లే.

అసలు పాపకు అర్థమైంది మాత్రం ఇంకొకరు గుర్తుచేసిన 'కొట్టు'తో. కిరాణా కొట్టు, కొబ్బరికాయ కొట్టడం, టైరుకు గాలి కొట్టడం, ఈల కొట్టడం, పరీక్షలో కాపీ కొట్టడం. (చివరిది తనే చెప్పింది, టెన్షన్ పడాలేమో!)

నిన్న బోర్ కొడుతోందంటే, "ఎవరిని నాన్నా?" అంటోంది.