పోస్టులో వచ్చే ప్రకటన కాగితాలు దేనికైనా పనికొస్తాయా?

అందరికీ నమస్కారం. అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరికి వచ్చి మూడు వారాలైంది. మెయిల్‌బాక్స్ తెరిస్తే గుట్టలుగా ప్రకటనలే. చిత్తుకాగితం కూడా దాచుకునే ఇంట్లో పెరిగినదాన్ని, పారేయడానికి మనసొప్పడం లేదు. వీటితో ఏం చేస్తారు మీరంతా?

జవాబు:
చెల్లెమ్మా, చాలా పనికొస్తాయి. కానీ ముందు నీ పేరున వచ్చిన ప్రతి కవరూ తెరిచి చూడు. కొత్తలో నేను ప్రకటన అనుకుని ఒక తెల్ల కవరు చెత్తలో వేశాను. అందులో డెబిట్ కార్డు ఉందని తర్వాత తెలిసింది. కొత్త కార్డు చేతికొచ్చేదాకా ఒకటే టెన్షన్. దొంగల కంట పడకూడదని కార్డుల్ని సాదా కవర్లలోనే పంపుతారమ్మా. సోషల్ సెక్యూరిటీ కార్డు కూడా మామూలు పోస్టులోనే వస్తుంది. మీకన్నా ముందు అద్దెకున్నవాళ్ల పేరుతో వచ్చిన ఉత్తరాలు మాత్రం తెరవకు, ఇక్కడ అది నేరం. 'ఈ అడ్రసులో లేరు' అని ఇంగ్లీషులో రాసి తిరిగి పోస్టులో వేసెయ్.

ఇక వాడకం. కిరాణా షాపుల వారపు ప్రకటనలు పలచటి న్యూస్‌పేపర్ కాగితం మీద వస్తాయి. గోంగూర వలిచేటప్పుడు కింద పరుచుకో, తర్వాత అలాగే చుట్టి తీసేయొచ్చు. మంచులో తడిసిన బూట్లలో ఉండలు చుట్టి కుక్కితే తెల్లారేసరికి తడి చాలావరకు పీల్చేస్తాయి. మా చిన్నదానికి ఆ కాగితాలే తెలుగు వాచకం. వంకాయ బొమ్మ కత్తిరించి అట్ట మీద అంటిస్తుంది, పక్కన 'వంకాయ' అని రాస్తుంది. 'వ'కి కిందటి వారం దాకా తలకట్టు మరిచిపోయేది, ఇప్పుడు రాస్తోంది.

బజ్జీల నూనె పీల్చడానికి మాత్రం వద్దు. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది. మన దేశంలోనూ 2016లోనే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. ఈ విషయం హెచ్చరించింది.

ఇంకో జవాబు:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఏడాది తిరిగి నీకు క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పులు ఎలా తీరుస్తున్నావో చెప్పే రికార్డు, వచ్చాక క్రెడిట్ కార్డు ఆఫర్లు మొదలవుతాయమ్మా. వాటిమీద నీ పేరు, అడ్రసు ఉంటాయి, కాబట్టి చిన్న ముక్కలుగా చింపాకే పారెయ్యి. సాదా కాగితం ముక్కలైతే కంపోస్టులో వేయొచ్చు, నున్నగా మెరిసేవి వద్దు. ఆప్ట్‌అవుట్‌ప్రీస్క్రీన్ అనే సైటులో పేరు నమోదు చేస్తే 5 ఏళ్లపాటు ఆ ఆఫర్లు చాలావరకు ఆగిపోతాయి. శాశ్వతంగా ఆపాలంటే ఫారం మీద సంతకం చేసి పోస్టులో పంపాలి. నన్నడిగితే తిరిగి వాడటం కన్నా రాకుండా చేసుకోవడమే మేలు.

మళ్లీ అక్క:
అన్నట్టు చెల్లెమ్మా, ఆ ఆఫర్లలో జవాబు పంపమని ఇచ్చే ఖాళీ కవర్లు పారేయకు. విత్తనాలకు అంత చక్కటివి దొరకవు. ప్లాస్టిక్ కిటికీ ఉంటే పీకేసి, అక్కడ కాగితం అంటించు. పైన రకం, సంవత్సరం రాసి పెట్టు. నా దగ్గర ఎర్ర గోంగూర విత్తనాలున్నాయి, ఒక కవరు నీకు తీసి ఉంచుతాను. మే నెల సగం దాటాక వెయ్యి, తొందరపడితే మంచుకు మాడిపోతాయి.