పాత లారీకి చిక్కటి ఆయిలా, పల్చటి ఆయిలా? ఆటోనగర్‌లో ఒకరు ఒకటి చెప్తే ఇంకొకరు ఇంకొకటి

గొల్లపూడి లారీ:
అందరికీ నమస్కారం. బండి 2009 మోడల్ టాటా 2515, పది టైర్లు, కమ్మిన్స్ ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల ఇంజన్. నాన్న కొన్నారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. బోర్ పని (సిలిండర్లు, రింగుల రిపేరు) ఒకసారి చేయించి ఏడేళ్లయింది. సీజన్లో గుంటూరు యార్డు నుంచి మిర్చి, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. ఇంజన్‌ని తప్పు పట్టడానికి లేదు, మేం వాడిన వాడకానికి ఇన్నాళ్లు రావడమే గొప్ప.

మొదటి నుంచీ 15డబ్ల్యూ-40 (ఇది చిక్కదనం అంకె), సీఐ-4 ప్లస్ (ఇది నాణ్యత గ్రేడు) పోస్తున్నాం. ఈ మధ్య చెన్నై పోయొచ్చేసరికి లీటరు దాకా టాప్ చేయాల్సి వస్తోంది. పైగా మొన్న మిట్ట మధ్యాహ్నం కాజ టోల్ దగ్గర లైన్లో నిలబడి ఉంటే ఐడిల్‌లో ఆయిల్ లైటు మిణుకు మిణుకుమంది. రేస్ ఇస్తే ఆరిపోతుంది. ఆ టెన్షన్‌తో ఆటోనగర్ వెళ్తే మా మేస్త్రి "బండి ముసలిదైంది, ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 పొయ్యి, సర్దుకుంటుంది" అన్నారు. పక్కనే ఆయిల్ షాపాయన "కొత్తగా వచ్చిన సీకే-4 పొయ్యండి" అంటాడు. నేను 20డబ్ల్యూ-50 బకెట్ ఒకటి కొనేసి ఇంటికి తెచ్చుకున్నాను గానీ పోయడానికి చెయ్యి రావట్లేదు. ఏం చేయమంటారు?

ముప్పై ఏళ్ల మేస్త్రి:
ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ? అరిగిన ఇంజన్లో పల్చటి ఆయిల్ పోస్తే జల్లెడలో నీళ్లు పోసినట్టే. పిస్టన్ రింగులకీ సిలిండర్ లైనర్‌కీ మధ్య సందు పెరిగింది, బేరింగుల దగ్గర సందు పెరిగింది. సందు పెరిగిన చోట చిక్కటిదే నిలబడుతుంది. ఇంకో మాట. డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 20 దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 15 దగ్గర పరీక్ష చేస్తారట. బెజవాడలో మైనస్ ఎక్కడుంది? సంక్రాంతికి కూడా ఫ్యాన్ వేసుకునే ఊరు మనది. నా చేతి మీద ఎన్నో పాత బండ్లు 20డబ్ల్యూ-50 మీదే నడుస్తున్నాయి.

బూడిద టిప్పర్:
మేస్త్రి గారు చెప్పినట్టే నేనూ చేశాను, ఆ ముచ్చట చెప్తా. నాది ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి బూడిద తోలే టిప్పర్. ఇదే లక్షణం, ఐడిల్‌లో లైటు. 20డబ్ల్యూ-50 పోశా. నిజంగానే లైటు పోయింది, మీటర్ ముల్లు లేచింది, ఇంజన్ శబ్దం కూడా మెత్తబడింది. అయిదు నెలలు హాయిగా తిరిగా. ఆ తర్వాత ఒకరోజు లోడు మీద అడుగు నుంచి టకటకా మోత.

ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్ దింపి బేరింగ్ షెల్ తీసి నా చేతిలో పెట్టారు. పైనుండే బూడిదరంగు పూత అరిగిపోయి కింద రాగి రంగు బయటపడింది. గోరు అడ్డంగా లాగితే గీతలు తగిలాయి. క్రాంక్ గ్రైండింగ్‌కి పంపాల్సొచ్చింది. లైటు వెలిగినప్పుడే విప్పి చూసి ఉంటే షెల్స్ మార్చడంతో తేలిపోయేది. చిక్కటి ఆయిల్ చేసిన పనల్లా నాకు అయిదు నెలలు నిద్ర పట్టించడం.

ముప్పై ఏళ్ల మేస్త్రి:
బూడిద తోలే బండికి ఎయిర్ ఫిల్టర్ ఎలా ఉందో చెప్పండి ముందు. నూటికి తొంభై మంది ఫిల్టర్‌ని నేలకేసి కొట్టి మళ్లీ పెడతారు.

బూడిద టిప్పర్:
నిజమే, దాచను. ఫిల్టర్ హౌసింగ్ రబ్బర్ ఒకచోట చీలి ఉంది, అందులోంచి బూడిద లోపలికి పోయింది. బేరింగులు పోయింది ఆయిల్ వల్ల అని నేను అనట్లేదు మేస్త్రి గారూ. పోతున్న సంగతి ఆయిల్ నాకు కనబడనివ్వలేదు అంటున్నా.

ల్యాబ్‌లో పని:
నేను ల్యూబ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేశాను, ఇప్పుడు మానేశాను, కాబట్టి ఏ కంపెనీ తరఫునా కాదు.

డబ్ల్యూ గురించి బాబాయ్ గారు చెప్పింది కరెక్ట్. ముందున్న అంకెతో మనకి పెద్ద పని లేదు. పని అంతా వెనక అంకెతోనే. వంద డిగ్రీల వేడి దగ్గర 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు. సెంటీస్టోక్స్ అంటారు, పేరు వదిలేయండి. తెల్లారి బండి తీసేటప్పుడు ఈ తేడా ఇంకా ఎక్కువ. 40 డిగ్రీల దగ్గర 20డబ్ల్యూ-50 దాదాపు ఒకటిన్నర రెట్లు చిక్కగా ఉంటుంది. సెల్ఫ్ కొట్టాక టర్బోకీ (ఇంజన్లోకి గాలి తోసేది), పైన వాల్వులు కదిపే రాకర్లకీ ఆయిల్ చేరడానికి అంత ఆలస్యం. ఆ కాసేపూ అవి దాదాపు ఎండుగా తిరుగుతాయి. రోజుకి ఒకసారి స్టార్ట్ చేసి మద్రాసు దాకా ఆపకుండా పోయే బండికి ఇది పెద్ద లెక్క కాదు. ఊళ్లో పదిసార్లు ఆపి తీసే బండికి లెక్కే.

అసలు గొడవ ప్రెజర్ దగ్గర ఉంది. మీటర్ ముల్లు లేచిందంటే ఆయిల్ బాగా పారుతోందని అందరూ అనుకుంటారు. పారలేక ఇబ్బంది పడుతున్నా ముల్లు లేస్తుంది. ప్రెజర్ హద్దు దాటితే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మిగులు ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తుంది, అది బేరింగుల దాకా పోదు. అందుకని చూడాల్సింది ముల్లు ఎంత పైకి లేచిందని కాదు, ఇంజన్‌కి కావలసిన కనీసం ఉందా లేదా అని. గొల్లపూడి అన్నా, మీ 5.9 ఇంజన్‌కి బాగా వేడెక్కాక ఐడిల్‌లో కనీసం 10 పీఎస్ఐ (ప్రెజర్ కొలత), పూర్తి స్పీడు మీద కనీసం 30 ఉండాలి. మీ డాష్‌బోర్డు లైటు ఆ సంగతి చెప్పదు, అది ఉత్త స్విచ్. ఆ స్విచ్ పాడైనా లైటు వెలుగుతుంది. స్విచ్ విప్పి ఆ చోట చేతి గేజి బిగించి చూడండి. అప్పటిదాకా ఏ బకెట్ మూతా తీయకండి.

ఇంకోటి, డిప్ స్టిక్ వాసన చూడండి. డీజిల్ వాసన వస్తే డీజిల్ చిమ్మే నోజిల్స్ కారి ఆయిల్‌లో డీజిల్ కలుస్తున్నట్టు. అలాంటప్పుడు 50 కాదు, తారు పోసినా నాలుగు రోజుల్లో పల్చబడుతుంది.

ఆయిల్ షాపు (గుంటూరు):
సీకే-4 మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. నేను అమ్మేవాణ్ని, నా మాట ఎంత నమ్మాలో మీరే చూసుకోండి. సీఎఫ్-4 అనేది 1990 నాటి గ్రేడు, సీఐ-4 2002ది, సీకే-4 2016 చివర్లో వచ్చింది. కొత్తది పాత ఇంజన్లకి పనికిరాదని ఒక ప్రచారం ఉంది, అది తప్పు. సీకే-4ని సీఐ-4 చెప్పిన ఇంజన్లో పోయొచ్చు. పోయకూడనిది ఎఫ్ఏ-4, అది పల్చటి రకం, కొత్త ఇంజన్ల కోసం చేసింది. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండి జనం కంగారు పడుతున్నారు.

ముప్పై ఏళ్ల మేస్త్రి:
సీకే-4లో జింకు తగ్గించేశారు, క్యామ్ అరిగిపోతుంది అంటారే?

ల్యాబ్‌లో పని:
తగ్గింది గానీ మీరు భయపడేంత కాదు బాబాయ్ గారూ. జింకుతో పాటు ఉండే ఫాస్ఫరస్‌కి సీకే-4లో పెట్టిన పై హద్దు 0.12 శాతం. పాత ఇంజన్ క్యామ్‌కి అది సరిపోతుంది. తగ్గించడానికి కారణం వేరే. కొత్త బీఎస్-6 (కాలుష్య నిబంధనల పేరు) బండ్లకి సైలెన్సర్లో పొగమసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్ కాలి మిగిలే బూడిద దాన్ని మూసేస్తుంది. గొల్లపూడి అన్న 2009 బండికి ఆ ఫిల్టరే లేదు, కాబట్టి దాని కోసం డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు.

"పాత బండికి ఘాటైన ఆయిల్ కావాలి" అనే మాట కూడా ఒకప్పటిది. డీజిల్‌లో గంధకం కాలి ఆమ్లం అవుతుంది, దాన్ని విరగ్గొట్టడానికి ఆయిల్‌లో క్షారం కలుపుతారు. ఈ లారీ కొన్న నాడు మన బంకుల్లో బీఎస్-2 డీజిల్, గంధకం 500 పీపీఎం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6, 10 పీపీఎం. బండి అదే, ఇంజన్ అదే, తాగే డీజిల్ మారిపోయింది. అందుకే సీఐ-4 ప్లస్ అయినా సీకే-4 అయినా ఈ బండికి ఒకటే అంటాను. ఏది నమ్మకంగా దొరికితే అది. డ్రమ్ములోంచి కొలిచి పోసే సీఎఫ్-4 మాత్రం వద్దు.

నందిగామ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాకు పోసిన మూడో రోజే నల్లగా అయిపోతోంది. కల్తీ ఆయిలా?

ఆయిల్ షాపు (గుంటూరు):
డీజిల్ ఇంజన్లో నల్లబడకపోతేనే అనుమానించండి. మసిని పట్టుకుని తనలో మోయడమే దాని పని. ఇన్నాళ్లూ చవక ఆయిల్ పోసి ఇప్పుడు మంచిది పోస్తే పాత మడ్డి కూడా ఊడి వస్తుంది, మొదటిసారి మామూలుగా మార్చే కిలోమీటర్లలో సగానికే ఫిల్టర్‌తో సహా మార్చేయండి. కల్తీ భయం ఉంటే ఖాళీ బకెట్‌ని బయటపడేసే ముందు రంపంతో కోసేయండి. మూత చెడకుండా ఖాళీ బకెట్లు కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు, వాళ్లు వాటిలో కొబ్బరినూనె అమ్మరు.

గొల్లపూడి లారీ:
వారం తర్వాత వస్తున్నాను. అందరికీ థాంక్స్.

గుడివాడ దాకా ఒక ట్రిప్పు వేసి ఇంజన్ బాగా కాగాక ఆటోనగర్‌లో చేతి గేజి పెట్టించాను. ఐడిల్‌లో 17, 18 మధ్య ఆడింది. రేస్ ఇస్తే 40 దాటింది. అంటే ప్రెజర్‌కి ఏమీ కాలేదు, స్విచ్చే పోయింది. కొత్తది వేస్తే లైటు మళ్లీ కనిపించలేదు. అదీ పాత 15డబ్ల్యూ-40 మీదే.

మరి ఆయిల్ ఎక్కడికి పోతోంది? అది పట్టింది మాత్రం మా ఆటోనగర్ మేస్త్రే. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి పోయే రబ్బర్ పైపు విప్పి, లోపల వేలు పెట్టి తిప్పి నాకు చూపించారు. వేలంతా నల్లటి ఆయిల్. పైపు వంపులో కాఫీ గ్లాసుడు నిలిచి ఉంది. టర్బో షాఫ్ట్ చివర రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి కదిపితే ఆడుతోంది. సీల్ దగ్గర కారి, గాలితో పాటు ఇంజన్లోకి పోయి కాలిపోతోందట. టోల్ దగ్గర నిలబడి కదిలేటప్పుడు నీలం పొగ వస్తోందని మా క్లీనర్ ఎన్నోసార్లు చెప్పాడు, నేనే పట్టించుకోలేదు. టర్బో రిపేరుకి ఇచ్చాను. బోర్‌కి ఇప్పుడే పని లేదన్నారు, బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికొచ్చే గొట్టం) దగ్గర ఆవిరి పెద్దగా లేదు.

ముప్పై ఏళ్ల మేస్త్రి:
చూశారా, చెయ్యి పెట్టి చూస్తేనే తెలిసింది. సరే, టర్బో సంగతి ముందే చెప్పుంటే నేనూ 50 అనేవాణ్ని కాదు. కానీ రింగులు పూర్తిగా పోయి, పనికి డబ్బులేక సీజన్ వెళ్లదీసుకునే బండికి 20డబ్ల్యూ-50 తప్పు కాదు అంటాను ఇప్పటికీ. మూడు నెలలు లాక్కొస్తుంది.

ల్యాబ్‌లో పని:
మూడు నెలలకని పోసుకుంటే నాకూ అభ్యంతరం లేదు బాబాయ్ గారూ. మూడేళ్లు పోస్తారు, అక్కడే గొడవ.

బూడిద టిప్పర్:
గొల్లపూడి తమ్ముడూ, ఇంట్లో ఉన్న ఆ 20డబ్ల్యూ-50 బకెట్ ఏం చేస్తున్నావు? సీల్ తీయకపోతే మా బావమరిది ట్రాక్టర్‌కి అదే చెప్పారు, పుస్తకంలోనే ఉంది. కొన్న రేటుకి ఇస్తావా?

గొల్లపూడి లారీ:
బిల్లు కూడా ఉందన్నా. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. కోసిన ఖాళీ బకెట్ ఒకటి కూడా ఉంది, అది మాత్రం మా అమ్మ తులసి మొక్క పెట్టేసింది.