వింటూ చదివే పుస్తకాలు: చదువా, కంఠస్థమా?

గోదారిగట్టు
ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ఆడియో పెట్టి పుస్తకం చేతికిస్తే చదవడం అదే వస్తుందని ఈమధ్య బాగా వినిపిస్తోంది. రాదంటాను. నాలుగుసార్లు విన్న కథని పిల్ల అప్పజెప్పేస్తుంది, వేలు మాత్రం ఇంకో వరసలో ఉంటుంది. కావాలంటే పేజీలోంచి ఆరు మాటలు ఏరి, అట్టముక్కల మీద రాసి, తారుమారు చేసి చూపించండి. "కొంగ గట్టు మీద నిలబడింది" అని గడగడా చెప్పిన పిల్లే ‘గట్టు’ ఒక్కటీ చూపిస్తే బొమ్మ కోసం వెతుక్కుంటుంది. పెద్దవాళ్ళు చదివి వినిపిస్తుంటే చిన్నపిల్లల చూపు అక్షరాల మీద కంటే బొమ్మల మీదే ఉంటుందని కంటి కదలికలు కొలిచినవాళ్ళు ఎప్పుడో తేల్చారు.

ఒత్తులబడి
పరీక్ష మంచిదేనండి, పెట్టిన పిల్లే తప్పు. గుణింతం రాని పిల్లకి ఆడియో పుస్తకం అంటే కథ వినడమే, అంతకుమించి ఆశపడకూడదు. అమెరికా భాషాశాస్త్రవేత్త కేరల్ చామ్‌స్కీ 1976లో రాసిన వ్యాసం ఇలా వింటూ చదివించడం గురించే. మూడో తరగతి పిల్లలు ఐదుగురు, అక్షరం అక్షరం కూడబలుక్కోగలరు, ధార, అంటే ఆగకుండా చదువుకుపోవడం, మాత్రం లేదు. టేపు వింటూ అదే పుస్తకం తడవతడవకీ చదివించారు, ధార వచ్చింది. అంటే మందు పనిచేసేది ఆ దశలోనే. మన లెక్కలో గుణింతాలు పూర్తయి, ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు.

చేయించే పద్ధతి ఇది. మొదటిసారి వినడం, వేలు మాట కింద నడవాలి. రెండోసారి గొంతు కలపడం. మూడోసారి శబ్దం సగానికి తగ్గించాలి. నాలుగోసారి ఆపేసి సొంతంగా. తర్వాత మీ అట్టముక్కలు. ఒక పూటకి ఎనిమిది పది వాక్యాలు దాటనివ్వొద్దు. నాలుగోసారి ఎగ్గొట్టి కొత్త కథకి వెళ్ళిపోవడం వల్లే మీరన్న కంఠస్థం వస్తుంది.

గోదారిగట్టు
సరే, ఒత్తుల దగ్గరికే రండి. కోటిపల్లి రేవు దాటితే ముక్తేశ్వరం, ఇవతల ద్రాక్షారామం. బస్సు బోర్డు మీద రోజూ కనపడే పేర్లే. ‘ద్రా’లో చెవికి వినపడేది ద్, ర్, ఆ. కంటికి కనపడేది దకి దీర్ఘం, దాన్ని చుట్టుకున్న క్రావడి. దీర్ఘం రాసింది ద మీద, పలికేది ర తర్వాత. ఆడియో ఈ మాటని అరక్షణంలో దాటేస్తుంది. విడదీసి చెప్పాలంటే పలకా బలపం పట్టుకున్న మనిషి ఉండాల్సిందే.

ఒత్తులబడి
అది ఒప్పుకుంటాను. కథలో వచ్చే ఒత్తు మాటల్ని ముందే పలక మీద విప్పి చెప్పాకే ఆడియో. ఐదారు మాటలు, అంతే.

పంటిరేవు
పద్ధతి గురించే కొట్టుకుంటున్నారు, ఆడియో ఎలా ఉందో ఎవరూ అడగట్లేదు! సగం రికార్డింగులు పిల్లల కోసం చేసినవి కావు, రేడియో నాటకాల్లా పరిగెడతాయి. సొంతంగా చేసుకోవడం మేలు. పిల్లల కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి. ఎవరైనా వాడుకోవచ్చనే ఓపెన్ లైసెన్సు కాబట్టి రచయిత, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లూ, లైసెన్సూ చెప్పి చదివి పంచుకోవచ్చు.

ఫోను మూతికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టండి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ దగ్గర ఊపిరి తగిలి టప్‌మంటుంది. ఫ్యాను ఆపాలి. రొయ్యల చెరువుల పక్క ఊళ్ళలో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ల హోరు ఎలాగూ ఉంటుంది, తలుపులేసి దుప్పట్లున్న గదిలో కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. వాక్యం వాక్యానికి రెండు సెకన్లు ఖాళీ, పేజీ తిప్పే చోట స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ. మోనో (ఒకే ఛానెల్), సెకనుకి 64 కిలోబిట్లు, అంటే 64 కేబీపీఎస్‌లో మూడు నిమిషాల కథ ఒకటిన్నర ఎంబీ లోపే, వాట్సాప్‌లో హాయిగా వెళ్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు సంధి. పుస్తకంలో ‘ఏమి అన్నాడు’ అని రెండు మాటలుంటే మన నోరు ‘ఏమన్నాడు’ అనేస్తుంది. వేలు అక్కడే ఒక మాట వెనకబడుతుంది, ఇక పేజీ చివరిదాకా కలవదు. అచ్చులో ఉన్నట్టే విడదీసి చదవాలి.

లంకగాలి
మాట మాటకీ రంగు మారే వీడియోలకి ఇంకో తంటా. బ్లూటూత్ స్పీకరు పెడితే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. కొన్ని యాప్‌లు దాన్ని సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. రంగు ‘మీద’ దగ్గరుంటే చెవిలో ‘గట్టు’ పడుతుంది. తరగతికి వైరున్న స్పీకరే వాడండి.

మరి యాస సంగతేంటండి? పుస్తకంలో ‘వచ్చాడు’, మన వైపు చాలా ఇళ్ళలో ‘వచ్చేడు’. ఏది చదవాలి?

పంటిరేవు
అచ్చులో ఉన్నదే. అయితే దీర్ఘాన్ని ఒత్తి ‘వచ్‌చాఆడు’ అని బొమ్మలా పలక్కండి, ఎవరూ అలా మాట్లాడరు. ఆ ‘చా’ అందరి నోటా కొంచెం ఏ వైపు వంగే ఉంటుంది, అలాగే ఉండనివ్వండి.

గోదారిగట్టు
పిల్ల ‘వచ్చేడు’ అని చదివితే తప్పు కొడతారా?

ఒత్తులబడి
కొట్టను. కన్ను ఆ మాట మీదే ఉందన్నమాట, వింటున్నది వల్లె వేస్తుంటే ‘వచ్చాడు’ అనే అనేది. ‘వెళ్ళాడు’ అంటే మాత్రం వెనక్కి తిప్పి వేలు పెట్టిస్తాను.

గోదారిగట్టు
ఇది బాగుంది. ఒకటో తరగతికి మాత్రం నా మాట మారదు, గుణింతం అయ్యేదాకా ఆడియో కథల పీరియడ్‌లోనే.